అయ్యవారు లేని బడికి పిల్లలు రాలేదట!

బళ్లారి తాలూకాలో హగరి ఒడ్డున ఉన్న మా ఊరి తెలుగు బడికి ఉపాధ్యాయుని వేయవలసిందిగా మేము పెట్టుకొన్న అర్జీకి ఒక కార్యాలయం నుండి వచ్చిన జవాబు ఒక్క వాక్యమే. ఆ బడిలో పిల్లలు లేరు గనుక నియామకం అవసరం లేదట! చివరి అయ్యవారు పదవీ విరమణ చేసి ఏళ్లు గడిచాయి. ఆ కుర్చీలో మరొకరు కూర్చోలేదు. ఏడాది చూసి కొందరు తమ పిల్లలను కన్నడ బడిలో వేశారు, చేతిలో డబ్బు ఆడేవారు బళ్లారి కాన్వెంటు బండి ఎక్కించారు. ముందు దీపం ఆర్పి, ఈ ఇంట్లో ఎవరూ చదవడం లేదు గనుక దీపం దండుగ అన్నట్లుంది ఈ వాదం.

ఆ బడి ఒక్కటే గది. రాతి గోడలు, పైన చవుడు పోసిన మిద్దె. 1964లో నేను అక్కడే ఓనమాలు దిద్దాను. అయిదు తరగతులకూ ఒక్కరే అయ్యవారు. ఆయన ఒక మూల ఎక్కాలు ఒప్పజెప్పించుకొంటుంటే, మరో మూల అయిదో తరగతివారు మాచేత గుణింతాలు దిద్దించేవారు. వాన వస్తే కారే చోటు తప్పించుకొని పలకలతో సహా గోడవారకు జరిగేవాళ్లం. కన్నడ అక్షరాలను కూడా ఆ అయ్యవారే నేర్పారు. తెలుగు అక్షరం కుదిరిన చేతికి కన్నడ అక్షరం పట్టుబడడానికి ఎన్నో దినాలు పట్టలేదు.

ఇటువంటి ఒంటిగది బడులు ఈ సీమకు కొత్తవి కావు. మద్రాసు గవర్నరు థామస్ మన్రో 1822లో బడుల లెక్కలు కోరగా, బళ్లారి కలెక్టరు ఎ.డి. క్యాంబెల్ 1823లో నివేదిక పంపాడు. జిల్లాలో ఉన్న బడులు 533. వాటిలో కన్నడ బడులు 235, తెలుగు బడులు 226. నేటి అనంతపురం సీమ కూడా ఆనాడు ఆ జిల్లాలోనిదే. ఏమైనా, రెండు భాషల బడులు ఇంచుమించు సరిసమానంగా ఒకే జిల్లాలో నడిచాయన్నది కాదనరాని సత్యం. పెద్ద పిల్లలు చిన్నవారికి నేర్పే పద్ధతిని, కడితంపై బలపంతో రాయించే పొదుపును క్యాంబెల్ మెచ్చుకొన్నాడు. పేదరికం వల్ల అనేక గ్రామాలలో ఒకనాటి బడులు లేకుండా పోయాయనీ ఒప్పుకొన్నాడు. పన్నులు పిండుకొన్న పరాయి దొర లెక్కపెట్టగలిగిన బడులను మనం ఓట్లు వేసి నిలిపిన ప్రభుత్వాలు లెక్కపెట్టలేవా?

1953 అక్టోబరు 1న ఆదోని, ఆలూరు, రాయదుర్గం తాలూకాలు ఆంధ్రరాష్ట్రంలోకి, బళ్లారితో సహా తక్కిన తాలూకాలు మైసూరులోకి పోయాయి. ఊళ్ల మధ్య గీత పడింది గాని ఇళ్లలో మాట మారలేదు. అటువంటి వారికోసమే కదా హామీలు పుట్టినవి! బడిలో 40 మందిగాని, ఒక తరగతిలో 10 మందిగాని ఉంటే వారి మాతృభాషలో చెప్పే ఉపాధ్యాయుని వేయాలని 1949లో రాష్ట్రాల విద్యామంత్రుల సమావేశం తీర్మానించింది. 1956లో 350-ఎ అధికరణం రాజ్యాంగంలో చేరింది. 60 మంది లోపు పిల్లలున్న ప్రాథమిక పాఠశాలకైనా ఇద్దరు ఉపాధ్యాయులుండాలని, బోధన సాధ్యమైనంతవరకు మాతృభాషలో సాగాలని 2009 విద్యాహక్కు చట్టం చెప్పింది. ఆ ‘సాధ్యమైనంతవరకు’ అన్న మాట చాటునే మన బిడ్డల చదువు కొండెక్కింది. హాజరుపట్టీ చూసి తెలుగు పిల్లలు లేరంటున్నారు. లెక్కపెట్టవలసింది హాజరుపట్టీలో కాదు, ఇళ్లలో.

కన్నడనాట ఉంటూ తెలుగు బడి ఎందుకని అడిగేవారున్నారు. కన్నడం మాకు పరాయిది కాదు. బడులలో కన్నడం తప్పనిసరి చేస్తూ 2015లో వచ్చిన చట్టాన్ని మేము ఎదిరించడం లేదు. మా పిల్లలకు కన్నడం బాగా రావాలి. బళ్లారి రాఘవ తెలుగు నాటకాన్నీ కన్నడ నాటకాన్నీ ఒక్క గొంతుతోనే పలికించాడు. ఒక భాష నేర్పడానికి మరొక భాష గొంతు నొక్కనక్కరలేదనడానికి మా ఒంటిగదే సాక్ష్యం.

అయితే తప్పంతా పాలకులపై నెట్టి చేతులు దులుపుకోలేను. అయ్యవారు ఉన్న రోజులలోనే నా కుమారుని నేను ఇంగ్లీషు బడిలో వేశాను. ‘మాస్టరుగారి అబ్బాయే వెళ్లాడు, మనవాడు ఎందుకు ఉండాలి’ అని ఊరివారు అనుకొని ఉంటే ఆ పాపంలో నాకూ వాటా ఉంది. నేడు మా ఇంట్లో పెరుగుతున్న మనుమరాలు నాతో తెలుగులోనే గలగలా మాట్లాడుతుంది. ఈ వ్యాసం చేతికిస్తే ఒక్క అక్షరం చదవలేదు. నా ఇంట్లో తెగిన ఈ తీగె ఎన్ని ఇళ్లలో తెగిందో ఎవరికి వారు చూసుకోవాలి.

బళ్లారిలోనే కాదు, హోసూరులోనైనా, బరంపురంలోనైనా, ఉన్నచోటనే మైనారిటీలమైన తెలుగువారందరికీ నా మనవి ఒక్కటే. బడులు తెరవకముందే ప్రతి ఊరిలో తెలుగు ఇళ్ల పిల్లల పేర్లు రాయండి. తల్లిదండ్రుల సంతకాలు పెట్టించండి. అర్జీ ఇచ్చి రసీదు తీసుకోండి. ఉలుకూ పలుకూ లేకపోతే, 350-బి అధికరణం కింద ఏర్పాటైన భాషా అల్పసంఖ్యాకుల కమిషనరుకు ఆ నకళ్లు పంపండి. పిల్లలు లేరన్న మాటకు సంతకాలే సమాధానం కావాలి.

మా గది తాళం ఇంకా తీయలేదు. గోడలు మాత్రం నిలిచే ఉన్నాయి. ఒక్క అయ్యవారిని అక్కడ నిలబెట్టండి. పిల్లలను తెచ్చే పూచీ మాది. మొదటి రోజు నా మనుమరాలిని నేనే చేయిపట్టుకొని తీసుకువస్తాను.