కట్టేసింది మనమే

వేదాద్రిలో రోహిణి కార్తె మధ్యాహ్నం ఊరకుక్క ఎక్కడ పడుకుంటుందో చూడండి. కృష్ణ ఒడ్డుకి దిగి, ముందుకాళ్ళతో తడి ఇసుక తవ్వి, ఆ గుంటలో పొట్ట ఆనించి పడుకుంటుంది. నీడ జరిగితే తానూ జరుగుతుంది. దాహమేస్తే ఏట్లోకి నాలుగడుగులు వేసి తాగి వస్తుంది. ఇదంతా దానికి ఎవరూ నేర్పలేదు. ఇప్పుడు జగ్గయ్యపేటలోనో నందిగామలోనో డాబా ఇంటి ముందు గుంజకి కట్టిన పెంపుడు కుక్కను చూడండి. పొద్దున ఎనిమిదింటికి నీడలోనే కట్టారు. పదకొండున్నరకల్లా అక్కడికి ఎండ వచ్చేసింది. కింద నాపరాయి పెనంలా కాలుతోంది. గిన్నెలో నీళ్ళు కాలు తగిలి ఒలికిపోయాయి. గొలుసు పొడవు నాలుగడుగులు, నీడ ఆరడుగుల అవతల ఉంది.

రెండింటికీ ఎండ ఒకటే. తేడా గొలుసు దగ్గరే వచ్చింది. ఏ కాలంలో కుక్కకి ఏ జాగ్రత్త తీసుకోవాలని అడిగేవాళ్ళకి నేను ముందుగా చెప్పే మాట ఇదే. కట్టేసిన రోజునే దాని నీడ, దాని నీళ్ళు, ప్రమాదం వస్తే అది తీయాల్సిన పరుగు, అన్నీ మన చేతిలోకి తీసుకున్నాం. ఆ లెక్కలో చూస్తే ఏడాది పొడవునా ఏం చేయాలో దానంతట అదే తెలుస్తుంది.

కుక్కకి మనలాగా ఒళ్ళంతా చెమట పట్టదు. పాదాల అడుగున కాస్త చెమ్మ తప్ప, నోరు తెరిచి రొప్పడమే అది ఒళ్ళు చల్లబరచుకునే దారి. పీల్చే గాలే వడగాడ్పైతే ఆ దారీ మూసుకుపోతుంది. మన మెరక ఊళ్ళలో మే నెలలో 45 డిగ్రీలు కొత్త కాదు. సున్నపురాయి నేల, రాతి అరుగులు, రేకుల పంచలు పగలంతా మింగిన వేడిని రాత్రి పదింటికి కూడా వదలవు. ఆరోగ్యంగా ఉన్న కుక్క ఒంటి వేడి 101 నుంచి 102.5 డిగ్రీల ఫారెన్‌హీట్ ఉంటుంది. ఎండలో ఉండి 105 దాటిందంటే వడదెబ్బ తగిలినట్టే. ఆగకుండా రొప్పుతుంది, చొంగ చిక్కబడుతుంది, చిగుళ్ళు ఎర్రబడతాయి, నిలబడబోయి తూలిపోతుంది. వెంటనే నీడకి చేర్చి పొట్ట మీద, తొడల సందుల్లో, పాదాల మీద మామూలు నీళ్ళు పోస్తూ ఫ్యాను పెట్టండి. ఐసు నీళ్ళు వద్దు. తడిగుడ్డ కప్పి వదిలేయవద్దు, గుడ్డ కింద వేడి చిక్కుకుపోతుంది. స్పృహ సరిగ్గా లేని కుక్క నోట్లో నీళ్ళు పోస్తే ఊపిరితిత్తుల్లోకి పోతాయి. లేచి నిలబడింది కదా అని అక్కడితో ఆగకండి. వడదెబ్బకి దెబ్బతిన్న మూత్రపిండాల సంగతి ఒకటి రెండు రోజుల తర్వాత గాని బయటపడదు. ఆ రోజే డాక్టరుకి చూపించాలి.

ముక్కు చప్పిడిగా ఉండే పగ్‌లాంటి కుక్కలకి రొప్పడం కూడా కష్టమే. అవి పదింటి తర్వాత గడప దాటకూడదు. హస్కీని తెచ్చి మన ఊళ్ళలో పెంచడం మాత్రం నాకు ఎంతమాత్రం నచ్చని పని. సైబీరియా మంచులో బండి లాగడానికి పుట్టిన జాతి అది. దాన్ని రోహిణి కార్తెకి అప్పగించడం ప్రేమ ఎలా అవుతుంది? కుక్క కావాలంటే ఈ ఎండలోనే పుట్టి పెరిగిన నాటుకుక్క పిల్లలు ప్రతి వీధిలోనూ ఉన్నాయి. ఇక పొమరేనియన్‌కి ఎండాకాలం కదా అని గుండు గీయించేవాళ్ళున్నారు. ఆ బొచ్చు ఎండ నేరుగా చర్మానికి తగలకుండా కాపాడుతుంది. రోజూ దువ్వి రాలిన వెంట్రుకలు తీసేస్తే చాలు. స్నానం రెండు వారాలకొకసారి, కుక్కల షాంపూతోనే. మన సబ్బులు దాని చర్మానికి పడవు.

పొద్దున ఏడు లోపు, సాయంత్రం నేల చల్లారాక తిప్పండి. రోడ్డు మీద అరచెయ్యి వెనక వైపు ఏడెనిమిది సెకన్లు ఆనించి చూడండి. మీ చెయ్యి ఓర్చుకోలేని తారు మీద దాని పాదమూ ఓర్చుకోలేదు. నీళ్ళకి స్టీలు గిన్నె కంటే అడుగు బరువుగా ఉన్న మట్టి తొట్టి మేలు. ఒలికిపోదు, చల్లగానూ ఉంటుంది. మిరప కల్లాల దగ్గర కాపలాకి కుక్కను కట్టే రైతులకి ఒక మనవి. కాయల మీద కప్పే పరదాల్లో ఒకటి దానికి పందిరిగా కట్టండి, కారం ఘాటు ముఖాన కొట్టకుండా గాలివాటు చూసి కట్టండి.

గోమార్ల విషయంలోనూ గొలుసు పాత్ర ఉందంటే చాలామంది ఆశ్చర్యపోతారు. రక్తం తాగి ఉబ్బిన ఆడ గోమారి కుక్క ఒంటి మీద గుడ్లు పెట్టదు. కింద రాలి, పాకుతూ గోడ పగుల్లోకో గుమ్మం సందులోకో చేరి అక్కడ వేలల్లో గుడ్లు పెడుతుంది. పిల్లలు బయటికొచ్చి మళ్ళీ కుక్కను వెతుక్కుంటాయి. కుక్క రోజూ అదే మూల, అదే గుంజకి కట్టి ఉంటే వెతకాల్సిన పనే ఉండదు. అందుకే ఒంటికి మాత్రమే మందు రాసి, ఎంత రాసినా పోవడం లేదని విసుక్కోవడంలో అర్థం లేదు. కట్టే చోటు మార్చండి. గోడ పగుళ్ళు సిమెంటుతో పూడ్చి సున్నం వేయండి. గోనెపట్టా కింద వేస్తుంటే వేడినీళ్ళలో ఉతికి ఎండలో ఆరేయండి. చెవుల లోపల, వేళ్ళ సందుల్లో, మెడపట్టీ కింద రోజూ వేలుపెట్టి తడమండి. కుక్క రెండు రోజులు తిండి మానేసి, జ్వరంతో ముక్కులోంచి రక్తం కారినా, మూత్రం కాఫీ రంగులో వచ్చినా గోమార్లు తెచ్చే ఎర్లీషియా, బబీసియా జబ్బులు కావచ్చు. రక్తపరీక్షలో తేలుతుంది, తొందరగా పట్టుకుంటే తగ్గుతుంది.

ఇక్కడ గట్టిగా చెప్పాల్సిన మాట ఒకటుంది. పత్తికి, మిరపకి తెచ్చిన పురుగుమందు అడుగున మిగిలిందని నీళ్ళలో కలిపి కుక్క ఒంటికి పూయడం దాన్ని చంపడంతో సమానం. చర్మంలోంచి ఇంకుతుంది, నాకినప్పుడు పొట్టలోకీ పోతుంది. చొంగ, వణుకు, ఫిట్స్ మొదలయ్యాక పశువుల ఆసుపత్రికి చేరేలోపే ప్రాణం పోవచ్చు. డాక్టరు రాసిన మందు, దాని బరువుకి తగిన మోతాదు, అంతే. కుక్కలకి వాడే పెర్మెత్రిన్ మందు పిల్లికి పూస్తే పిల్లి చస్తుంది. జ్వరమొచ్చిందని మన డోలో మాత్ర పిల్లికి వేస్తే ఒక్క మాత్రతోనే చచ్చిపోవచ్చు. కుక్కకి కూడా మన నొప్పి మాత్రలు వేయకండి.

తిండి గురించి ఎక్కువ చెప్పక్కర్లేదు. పెరుగన్నం మంచిదే, దాంతోపాటు ఉడికించిన గుడ్డో మాంసం ముక్కో ఉండాలి. ఉల్లి, వెల్లుల్లి వేసిన పులుసులు, ద్రాక్ష, కిస్‌మిస్, చాక్లెట్ పెట్టకూడదు. ఆదివారం కోడికూరలో మిగిలిన ఎముకలూ వద్దు. ఉడికిన ఎముక చీలికలై పేగుల్లో గుచ్చుకుంటుంది.

వానలు మొదలయ్యాక అన్నిటికంటే పెద్ద ప్రమాదం కట్టుతాడే. ఈ ప్రాంతం వాళ్ళకి వరద గురించి కొత్తగా చెప్పాల్సిన పనిలేదు. 2023 జూలై చివర్లో మున్నేరు పొంగి ఐతవరం దగ్గర హైదరాబాదు రహదారి మీదికే ఎక్కింది. 2024 సెప్టెంబరు 1న ఒకపక్క మున్నేరు, ఇంకోపక్క గరికపాడు దగ్గర పాలేరు దారులు తెంచేశాయి. మర్నాడు ప్రకాశం బరాజ్ నుంచి 11 లక్షల క్యూసెక్కులకి పైగా వదిలారు. అలాంటి రాత్రి మనుషులు పిల్లల్ని ఎత్తుకుని మెరకకి పరిగెత్తుతారు. ఆ కంగారులో గుంజకి కట్టి ఉన్నది గుర్తుకు రాదు. కుక్క ఈదగలదు, గేదె మనకంటే బాగా ఈదగలదు. మెడలో తాడుంటే రెండూ మునిగిపోతాయి. వెంట తీసుకెళ్ళే వీలు లేకపోతే కనీసం తాడు విప్పేసి వెళ్ళండి. వాన హెచ్చరిక వచ్చిన సాయంత్రమే విప్పి ఇంట్లోకి తెచ్చుకోవడం ఇంకా మంచిది.

అధికారులకి కూడా ఒక మాట. 2005లో అమెరికాలో కత్రినా తుపాను వచ్చినప్పుడు పెంపుడు జంతువుల్ని వదిలి రాలేక ఎందరో మునుగుతున్న ఇళ్ళలోనే ఉండిపోయారు. మరుసటి ఏడాదే అక్కడ చట్టం చేశారు, విపత్తు ప్రణాళికల్లో పెంపుడు జంతువులున్న కుటుంబాలకీ చోటు చూపాలని. మన పునరావాస కేంద్రం ఆవరణలో ఒక చెట్టు కింద నాలుగు గుంజలు పాతి, ఒక తొట్టి నీళ్ళు, ఒక పశువైద్య సహాయకుణ్ణి పెట్టడం తహసీల్దారుకి ఎంతో పని కాదు. దానివల్ల ఇల్లు వదలనని మొండికేసే ముసలమ్మ కూడా కదిలి వస్తుంది. ఈ వర్షాకాలానికి ముందే ఆ ఏర్పాటు రాతపూర్వకంగా ఉండాలని కోరుతున్నాను.

వరద తీశాక బురద నీళ్ళలో ఎలుకల మూత్రం కలిసి లెప్టోస్పైరోసిస్ వస్తుంది. అది కుక్కలకే కాదు, మనకీ సోకుతుంది. ఏటా వేయించే టీకాల్లో దానిదీ ఉందో లేదో డాక్టర్ని అడగండి. నీళ్ళు ఎక్కితే కట్లపాము, రక్తపింజరి ఇళ్ళలోకి వస్తాయి. పాముని చూస్తే కుక్క మూతితోనే పలకరిస్తుంది కాబట్టి కాటు మూతి మీదే పడుతుంది. మూతి ఒక పక్క హఠాత్తుగా వాస్తే కోయడాలూ కట్టడాలూ మానేసి ఆసుపత్రికి పరిగెత్తాలి. వాన రోజుల్లో లాబ్రడార్‌లాంటి వాలుచెవుల కుక్కల చెవులు లోపలి దాకా పొడిగుడ్డతో తుడవాలి. అక్కడ పుట్టే చీము వాసన ముందు మీ ముక్కుకే తెలుస్తుంది.

దీపావళి రాత్రి కట్టి ఉన్న కుక్కలు గొలుసు తెంపుకుని పారిపోతాయి, లేదా తెగని గొలుసుకి ఉరిపడతాయి. ఆ సాయంత్రం చీకటి పడకముందే తిప్పి తెచ్చి, లోపలి గదిలో కిటికీలు మూసి, ఫ్యానూ టీవీ వేసి, విప్పి ఉంచండి. మంచం కింద దూరితే దూరనివ్వండి, బయటికి లాగకండి. పట్టీ మీద ఫోన్ నంబరు రాసి ఉంటే తప్పిపోయినా దొరుకుతుంది. వినాయకుడి ఊరేగింపు డీజేలకీ ఇదే పద్ధతి.

చలికాలం మన దగ్గర పెద్దగా బాధించదు, కుక్కపిల్లలకి తప్ప. వీధి కుక్కలు ఎక్కువగా ఆ రోజుల్లోనే ఈనుతాయి. పార్వో అనే వైరస్ జబ్బు వచ్చేది కూడా ఈ పిల్లలకే. రక్తంతో విరేచనాలు పట్టుకుంటే రెండు మూడు రోజుల్లో ప్రాణం పోతుంది. ఆ వైరస్ నేల మీద నెలల తరబడి బతికే ఉంటుంది. పార్వోతో పిల్ల పోయిన ఇంట్లోకి టీకాలు పూర్తికాని ఇంకో పిల్లను తేవద్దు, బ్లీచింగుతో నేల కడిగినా తేవద్దు. పొద్దున బండి తీసేముందు కింద ఒకసారి వంగి చూడండి, ఇంజను వెచ్చదనానికి పిల్లలు అక్కడ చేరతాయి.

పంజరం కూడా గొలుసే. రామచిలుకను ఇంట్లో బంధించడం 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టం ప్రకారం నేరం. ఎండలో వేలాడే ఆ పంజరానికి ఏ కాలానికి ఏ జాగ్రత్త చెప్పాలో నాకు తెలియదు, చెప్పను.

ఇంతా చెప్పాక, గొలుసు విప్పేసి వీధిలోకి వదలమని నా అర్థం కాదు. ప్రహరీ ఉంటే ఆవరణలో విప్పి ఉంచండి, వీధిలోకి బెల్టుతో తీసుకెళ్ళండి. విప్పాలంటే ముందు రేబిస్ టీకా పడి ఉండాలి. ప్రపంచ ఆరోగ్య సంస్థ అంచనాల్లో ఏటా దాదాపు 59,000 మంది ఈ జబ్బుతో పోతున్నారు, అందులో మూడోవంతుకి పైగా మన దేశంలోనే. లక్షణాలు కనిపించాక బతికించే మందు లేదు. కరిచిన చోట కారం, సున్నం అద్దడం ఈ ఊళ్ళలో ఇంకా ఉంది. అది ఆపి, కుళాయి కింద సబ్బుతో పదిహేను నిమిషాలు కడిగి ఆ గంటలోనే ప్రభుత్వాసుపత్రికి వెళ్ళాలి. బొడ్డు చుట్టూ పద్నాలుగు సూదులని భయపెట్టే పాత మందును దేశంలో ఎప్పుడో మానేశారు. ఇప్పుడు సూది భుజానికే. గాయం లోతుగా ఉంటే గాయంలోకి వేసే ఇమ్యునోగ్లోబులిన్ కూడా అడిగి వేయించుకోవాలి.

1885 జూలై 6న లూయీ పాశ్చర్ పిచ్చికుక్క కరిచిన జోసెఫ్ మైస్టర్ అనే తొమ్మిదేళ్ళ పిల్లవాడికి ఈ టీకా మొదటిసారి వేయించాడు. ఆ రోజు గుర్తుగా ఏటా జూలై 6న మన పశువుల ఆసుపత్రుల్లో కుక్కలకి రేబిస్ టీకా ఉచితంగా వేస్తారు. మూడు నెలలు నిండిన పిల్ల నుంచి మొదలుపెట్టి ఏటా వేయించాలి. పాడిగేదెకి ఈత కష్టమైతే ఆసుపత్రికి పరిగెత్తే ఇంట్లో కుక్క కోసం అదే ఆసుపత్రి మెట్లెక్కడానికి మొహమాటపడతారు. మొహమాటం ఎందుకు, అక్కడి డాక్టరు కుక్కనీ చూస్తాడు. అక్కడ తేలని జబ్బయితే విజయవాడ దాటి గన్నవరంలో ఎన్టీఆర్ పశువైద్య కళాశాల ఉంది. జూలై 6న పొద్దున్నే, ఎండ ఎక్కకముందే, మూతికి మెత్తని గుడ్డ కట్టి బెల్టుతో తీసుకెళ్ళండి. కార్డు మీద తేదీ రాయించుకోండి. మీ గుమ్మం ముందు రోజూ అన్నం తినిపోయే వీధికుక్క మీ చేతికి మచ్చికైతే, దాన్నీ వెంట తీసుకెళ్ళండి.