‘బాగుందా?’ అని అడిగితే బాగుందనే అంటారు!

విజయా వారి సినిమా అంటే మొదట జెండా కనిపించాలి, జెండా మీద హనుమంతుడు కనిపించాలి. సురేష్ వారిదంటే ఎస్ అక్షరం, పి అక్షరం, వాటితో ఇద్దరు పిల్లలు. (ఆ పిల్లల్లో ఒకరు నిర్మాత, ఇంకొకరు హీరో అయ్యారని మీకు నేను చెప్పాలా?) బొంబాయి రాజ్ కపూర్ గారి సంగతి మరీ చిత్రం. 1949లో వచ్చిన ‘బర్సాత్’లో ఒక చేత వయొలిన్, ఇంకో చేతి మీద వాలిన నర్గీస్... ఆ భంగిమ నుంచే ఆర్.కె. సంస్థ ఎంబ్లం పుట్టింది. సినిమా పోయి ఎంబ్లం మిగిలిందంటే అదీ!

కంపెనీల మాట సరే. కంపెనీ లేదు, ఆఫీసు లేదు, ఇంట్లో ఒక మూల కంప్యూటరు పెట్టుకుని ఒంటరిగా బొమ్మలు చేసుకునే వాడికి ఎంబ్లం ఎందుకండీ? వుండి తీరాలంటాడు మా పాకాల కుర్రాడు.

పేరు చెప్పొద్దన్నాడు గనక చెప్పను. ‘ర’తో మొదలవుతుంది, అంతవరకే. వయసు 23. తిరుపతిలో ఒక ఫ్లెక్సీల షాపులో రెండేళ్ళు చేశాడు. పుట్టినరోజు ఫ్లెక్సీల్లో నాయకుల మొహాలు తెల్లగా చేసి చేసి విసుగుపుట్టి ఇంటికొచ్చేశాడు. ఇప్పుడు షార్ట్ ఫిల్ముల పోస్టర్లు, యూట్యూబు వాళ్ళ బొమ్మలు, పెళ్ళి కార్డులు... ఏది వస్తే అది. ఈమధ్య హైదరాబాదు నుంచి ఒక చిన్న సినిమా వాళ్ళు ఇతని చేత టైటిల్ అక్షరాలు రాయించుకున్నారు. డబ్బు పెద్దగా ఇచ్చిందేమీ లేదు. “ఆఖరి టైటిల్స్‌లో నీ లోగో వేస్తాం, శనివారం లోపల పంపించు” అన్నారు.

వాళ్ళ నాయన బెల్లం మండీలో గుమాస్తా. “ఒక సంవత్సరం చూస్తా. గిట్టకపోతే బెంగుళూరు పోయి ఉద్యోగం చూసుకో” అని గడువు పెట్టాడు. అందులో 8 నెలలు అయిపోయాయి. అంచేత ఈ లోగో కుర్రాడికి సరదా బొమ్మ కాదు. తెర మీద రెండు సెకన్లు నిలుస్తుంది. ఆ రెండు సెకన్లలో చూసినవాళ్ళెవరో ఇతన్ని వెతుక్కుంటూ రావాలి.

బొమ్మ ఇదీ. ‘ర’ అక్షరం. దాని గుండ్రటి ఒళ్ళు ఫిల్ము రీలు, తలకట్టు కలం పాళీ. నల్లటి నేల మీద బంగారు రంగు, కింద నీడ, ఆ నీడ కింద సన్నగా ఇంగ్లీషులో ఓ పెద్ద పేరు. వాట్సాప్ గ్రూపులన్నిట్లో పెట్టి “ఎట్ట ఉండాది?” అని అడిగాడు. బొటనవేళ్ళు వరసగా లేచాయి. ఒకడు కేక అన్నాడు. ఒకడు నీలం రంగు వెయ్యమన్నాడు. ఇంకొకడు సింహం పెట్టమన్నాడు! సింహం ఎందుకో వాడికీ తెలియదు.

తర్వాత నా దగ్గరికొచ్చాడు. “నువ్వు సినిమా పత్రికలకు రాస్తావు గదన్నా, నువ్వు చెప్పు.”

నేను చెప్పలేదు. నాకా కుర్రాడంటే ఇష్టం. ఇష్టమున్న వాళ్ళ మాట ఇక్కడ చెల్లని నాణెం. ‘బాగుందా?’ అని మొహంలోకి చూస్తూ అడిగితే మన తెలుగువాళ్ళలో ఎవరైనా ‘బాగుంది’ అనే అంటారు. పెళ్ళిచూపుల్లో కాఫీకి కూడా అదే మాట!

“పద, స్టేషన్ దాకా పోదాం” అన్నాను.

ముందు జిరాక్సు షాపు దగ్గర ఆగాం. బొమ్మను బొటనవేలి గోరంత చేసి, రంగు లేకుండా, మామూలు కాగితం మీద తీయించాం. జిరాక్సు యంత్రానికి మొహమాటం లేదు చూడండి... బంగారం మసి అయింది, రీలు కన్నాలు పూడిపోయాయి, కింద ఇంగ్లీషు పేరు చీమల బారులా తేలింది. కుర్రాడి మొహం కొంచెం మాడింది. నిజానికి లోగో బతకాల్సింది అక్కడే. పేపర్లో అచ్చయినా, బిల్లు పుస్తకం మీద ముద్ర వేసినా, ఫోనులో గోరంత బొమ్మగా కనబడినా గుర్తుపట్టాలి.

మా పాకాల జంక్షన్ మీకు తెలుసో లేదో. తిరుపతికి ఒక దారి, కాట్పాడికి ఒక దారి, ధర్మవరానికి ఒక దారి. ఏ బండి కోసమో ఎవరో ఒకరు ఎప్పుడూ కూర్చునే వుంటారు. రంగుల కాపీ, జిరాక్సు కాపీ రెండూ పట్టుకుని వెళ్ళాం. షరతులు నేనే పెట్టాను. బాగుందా అని అడగకూడదు. ఇది నాది అని చెప్పకూడదు. ఒకటి, రెండు, మూడు అని లెక్కపెట్టి కాగితం దాచెయ్యాలి. తర్వాత “ఏం కనబడింది?” అని మాత్రమే అడగాలి. వాళ్ళు ఏం చెప్పినా మధ్యలో దూరి అర్థం విడమర్చకూడదు. ఈ ఆఖరి షరతుతోనే మావాడికి ప్రాణం పోయినంత పనయింది!

టీ అంగడాయన: “రైలు చక్రం కదబ్బా. రైల్వేలో పని దొరికిందా?”

పూలమ్మే అవ్వ: “మురుకులు ఒత్తే బిళ్ళ.”

కాలేజీకి పోయే ఆడపిల్లలు ఇద్దరు: కారు చక్రం. వాళ్ళ పక్కన కూర్చున్న బుడ్డోడు: వేలి మీద తిప్పే స్పిన్నర్.

మొత్తం 11 మందిని అడిగాం. ‘ర’ అన్నవాళ్ళు ఒక్కరు లేరు. రీలు అన్నవాళ్ళు ఇద్దరు, ఇద్దరికీ యాభై దాటినట్టే వుంది. అందులో ఒకాయన ఒకప్పుడు సినిమా హాల్లో ఆపరేటరు! ఆయన కాగితం తిరిగివ్వకుండా కబుర్లలోకి దిగాడు. వెయ్యి అడుగుల రీలు 11 నిమిషాలు ఆడేదట. రెండున్నర గంటల సినిమా అంటే 14 రీళ్ళు. ఎత్తి దించేసరికి నడుము పట్టేదట. “ఇప్పుడెవరికి తెల్సు సామీ రీలంటే? పిల్లోళ్ళు ఫోన్లో చూసేదాన్ని రీలంటా ఉండారు” అని నవ్వాడు.

ఆ నవ్వులోనే తీర్పు వుంది. హాళ్ళన్నీ డిజిటల్‌కి మారి ఏళ్ళయింది. జపాన్ ఫ్యూజీ వాళ్ళు సినిమా తీసే ఫిల్ము తయారీని 2013లోనే మానుకున్నారు. మావాడికి పనివ్వాల్సిన వాళ్ళు 20, 25 ఏళ్ళ డైరెక్టర్లు, రీలును చేత్తో ముట్టని తరం. వాళ్ళకి అది చక్రమే. మావాడు మాత్రం ముట్టాడా ఏమిటి? సినిమా అంటే రీలు అని ఎవరో గీసిన బొమ్మల్లో చూసి గీశాడు.

తిరిగొచ్చేటప్పుడు మాటలేదు. గేటు దాటాక అడిగాడు, “అంటే నా లోగో చెత్తనా అన్నా?”

కాదు. జనం మాటను నెత్తిన పెట్టుకోమనీ నేననను. అమెరికాలో నైకీ బూట్ల కంపెనీ గుర్తు, ఆ వంపు తిరిగిన టిక్కు, 1971లో క్యారొలిన్ డేవిడ్‌సన్ అనే విద్యార్థిని వేసింది. ముట్టింది 35 డాలర్లు. మొదట చూసినప్పుడు కంపెనీ ఆసామి ఫిల్ నైట్‌కి అదేమంత నచ్చనే లేదు! తర్వాత సంగతి మీ కాళ్ళనడిగితే చెబుతాయి. కానీ ఒక తేడా వుంది. నైట్ గారికి అది నచ్చలేదు, అంతే. గీత మాత్రం స్పష్టంగానే కనిపించింది. మా జంక్షన్‌లో అక్షరమే కనిపించలేదు. నచ్చకపోతే మొండికేయొచ్చు. కనపడకపోతే మొండికేసి ఏం లాభం?

బాపు గారిని గుర్తు చేశాను. సత్తిరాజు లక్ష్మీనారాయణ అనే పొడుగాటి పేరున్న మనిషి బొమ్మ మూలన రెండే అక్షరాలు, బాపు. ఎంత నాసి కాగితం మీద అచ్చయినా అది బాపే. ఆయన మొదటి సినిమా ‘సాక్షి’ (1967)తోనే పబ్లిసిటీ డిజైనర్‌గా సొంతంగా మొదలుపెట్టిన పాలకొల్లు మనిషి ఈశ్వర్ గారు. 2021లో పోయేదాకా పోస్టర్ల లోకంలో ఆ ఒక్క పేరే ఆయన చిరునామా. చిత్రకారుణ్ణి అని చెప్పుకోవడానికి కుంచె బొమ్మ, రంగుల పళ్ళెం బొమ్మ పక్కన తగిలించుకోవలసిన అవసరం వాళ్ళకేం వచ్చింది? చేతిరాతే మనిషిని పట్టిచ్చేది.

“వాళ్ళు పెద్దోళ్ళు అన్నా” అన్నాడు. అదీ నిజమే. పేరు వచ్చాక సంతకం చాలు, పేరు రాకముందు ఎలా అని అతని బాధ. దానికి నా దగ్గర జవాబు లేదు గానీ, వాళ్ళ నాయన దగ్గర వుంది.

రాత్రి మండీ నుంచి వచ్చి కాళ్ళు కడుక్కుంటూ మా గొడవంతా విన్నాడాయన. కాగితం చూడనైనా చూడలేదు. “మా మండీలో ఒక్కో షావుకారికి ఒక్కో మార్కా. బస్తా మీద మసితో గీసుంటారు. అక్షరమ్ముక్క రాని హమాలీ గూడా దూరం నుంచి చూసి బస్తా ఎవురిదో చెప్తాడు. నీది చెప్తాడా?”

కొడుకు ఏమీ అనలేదు. లోపలికి పోయి తలుపేసుకున్నాడు.

మర్నాడు పొద్దున తెచ్చిన కాగితం మీద రీలు లేదు, పాళీ లేదు, బంగారం లేదు. కుంచెతో ఒక్క విసురులో రాసిన ‘ర’. తలకట్టు మాత్రం కొంచెం సాగి, చివర ఎత్తి వదిలినట్టుంది. మళ్ళీ జిరాక్సు, మళ్ళీ స్టేషను. ఈసారి 9 మందిలో 7గురు ‘ర’ అన్నారు. ఒకామె పిట్ట అంది. “పిట్ట అయితే నష్టమేమీ లేదులే అన్నా” అని మావాడే అన్నాడు. ఒకాయన మాత్రం బండి వచ్చిందని లేచిపోయాడు, ఆయన అభిప్రాయం మాకు దక్కలేదు.

శుక్రవారం రాత్రే హైదరాబాదుకు పంపాడు. పొగడ్త ఏమీ రాలేదు. “నల్ల నేల మీద తెల్లగా ఇంకో కాపీ పంపించండి” అన్నారు, పంపాడు. సినిమా ఇంకా విడుదల కాలేదు. నాయన పెట్టిన గడువులో 4 నెలలు మిగిలాయి, ఆయన మళ్ళీ బెంగుళూరు ఊసెత్తలేదు గానీ మానేశాననీ అనలేదు.

మీరేమో శుభం పడకముందే బైకు తాళాలు తీసి పరిగెడతారు. ఈసారి కాసేపు కూర్చోండి. పేర్లు పైకి పోతుంటే మధ్యలో తెల్లటి ‘ర’ కనబడితే, ఏ ఊళ్ళో, ఏ హాల్లో చూశారో నాకో కార్డు ముక్క రాసి పడెయ్యండి. మావాడికి చూపిస్తాను.