హెల్మెట్‌కున్న ప్రమాణం కౌన్సెలింగ్‌కు లేదా?



మా కోదాడలో ‘కౌన్సెలింగ్’ అనే మాటకు ఎన్ని అర్థాలున్నాయో చూడండి. ఎప్‌సెట్ ర్యాంకు వచ్చిన పిల్లవాడు కౌన్సెలింగ్‌కు పోతాడు, అది సీటు కోసం. తాగి బండి నడిపి దొరికినవాడికి పోలీసులు కౌన్సెలింగ్ ఇస్తారు, అది మందలింపు. బదిలీల కాలంలో టీచర్లకు జరిగేదీ కౌన్సెలింగే. ఆలుమగల తగువు ఠాణాకెక్కితే ఇద్దరినీ కూర్చోబెట్టి సర్దిచెప్పేదీ కౌన్సెలింగే, పేరు మారిన పెద్దమనుషుల పంచాయితీ. మనసు చెదిరి, నిద్ర పట్టక, ఎవరికి చెప్పుకోవాలో తెలియని మనిషికి కావలసిన అసలు కౌన్సెలింగ్ మాత్రం వీటన్నిటి కింద నలిగిపోయింది.

రోడ్డు పక్కన హెల్మెట్ కొన్నా ఐఎస్ఐ గుర్తు ఉందో లేదో చూసుకుంటాం. ఆ గుర్తు వెనక తెలిసినవాళ్లు నలుగురు కూర్చుని రాసిన ప్రమాణం ఉంది. తలకు పెట్టుకునేదానికి ఇంత లెక్క ఉంది, తలలోని బాధ వినే మనిషికి ఏ లెక్కా లేదు. వారం రోజుల ఆన్‌లైన్ క్లాసు విని, సర్టిఫికెట్‌కు ఫ్రేము కట్టించి, గది ముందు ‘కౌన్సెలర్’ అని బోర్డు తగిలిస్తే అడిగేవారు లేరు. క్లినికల్ సైకాలజిస్టులకైతే 1992 నాటి చట్టం కింద భారత పునరావాస మండలిలో రిజిస్ట్రేషన్ ఉండాలి. మామూలు కౌన్సెలర్‌కు అలాంటి కట్టుబాటు చాలాకాలం కాగితం మీద కూడా లేదు.

2021లో పార్లమెంటు చేసిన జాతీయ అనుబంధ, ఆరోగ్య సంరక్షణ వృత్తుల కమిషన్ చట్టం ఈ లోటును పూడ్చడానికి వచ్చింది. కౌన్సెలర్లు, సోషల్ వర్కర్లు దాని షెడ్యూలులో చేరారు. ఏం చదవాలి, ఎన్ని గంటలు శిక్షణ పొందాలి, ఎక్కడ పేరు నమోదు చేసుకోవాలి, ఏది తప్పు, తప్పు చేస్తే ఏమిటి? ఇవన్నీ ఇప్పుడు ఎవరో ఒకరు రాయాలి. ఎవరు రాయాలన్నదే ఈ లేఖ. నా మటుకు జవాబు ఒకటే: పని చేస్తున్నవాళ్లు రాయాలి. సూర్యాపేట, కోదాడ, మిర్యాలగూడల్లో ఆస్పత్రి గదుల్లో, సఖి కేంద్రాల్లో, కాలేజీల్లో రోజూ జనం గోడు వింటున్నవాళ్లు పిలుపు కోసం చూడకుండా స్వచ్ఛందంగా ముందుకు రావాలి.

తొందర ఎందుకంటే, విశాఖపట్నంలో నీట్‌కు చదువుతూ 2023లో చనిపోయిన ఒక విద్యార్థిని కేసులో సుప్రీంకోర్టు 2025 జులై 25న దేశమంతటికీ మార్గదర్శకాలు ఇచ్చింది. వంద మంది, అంతకు మించి పిల్లలున్న ప్రతి విద్యాసంస్థలో పిల్లల మానసిక ఆరోగ్యంలో శిక్షణ పొందిన కౌన్సెలర్‌నో, సైకాలజిస్టునో, సోషల్ వర్కర్‌నో కనీసం ఒకరిని పెట్టాలంది. మన మూడు పట్టణాల్లోని జూనియర్ కాలేజీలనే లెక్కేసుకోండి, ఎంతమంది కావాలో తెలుస్తుంది. శిక్షణ అంటే ఏమిటో తేల్చి చెప్పే ప్రమాణం లేకపోతే రేపు జరిగేది ఊహించడం కష్టం కాదు. తనిఖీ రోజున పీఈటీ సారు మెడలోనే ‘కౌన్సెలర్’ కార్డు వేలాడుతుంది.

నేను పద్దెనిమిదేళ్లు ఈ మూడు ఊళ్లలో హెచ్ఐవీ పరీక్ష, సలహా కేంద్రాల్లో కౌన్సెలర్‌గా చేసి రిటైరయ్యాను. హైదరాబాద్–విజయవాడ హైవే మీది లారీ డ్రైవర్లు, మిర్యాలగూడ రైస్‌మిల్లుల్లో బస్తాలు మోసే హమాలీలు, కాన్పుకొచ్చిన ఆడబిడ్డలు, అందరూ నా ముందు కూర్చున్నవాళ్లే. మాకు రూలు ఉండేది. పరీక్షకు ముందు మాట్లాడాలి, ఒప్పుకున్నాకే రక్తం తీయాలి, ఫలితం ఆ మనిషికే ఒంటరిగా చెప్పాలి, ఆ తర్వాత మళ్లీ మాట్లాడాలి. 2017లో వచ్చిన హెచ్ఐవీ చట్టం వీటికి బలం ఇచ్చింది. మేమేం మహానుభావులం కాదు. ఎక్కడ నోరు కట్టుకోవాలో రాసి ఉంది కాబట్టి కట్టుకున్నాం. చిన్న ఊళ్లలో ప్రమాణాలు నడవవనేవారికి నా జవాబు ఇదే.

రిటైరయ్యాక ఒక ప్రైవేటు కాలేజీలో కొన్నాళ్లు పిల్లలతో మాట్లాడే పని ఒప్పుకున్నాను. లెక్కలంటే భయమవుతోందని, ఇంటికి పోతానని ఒక పిల్లవాడు నాకంటే ముందున్న కౌన్సెలర్‌తో చెప్పుకున్నాడట. సాయంత్రానికి విషయం ప్రిన్సిపాల్ గదిలో ఉంది, మర్నాటికి తండ్రి గేటు దగ్గర ఉన్నాడు. నేనున్నన్నాళ్లు ఆ పిల్లవాడు నాతో ఒక్క మాట మాట్లాడలేదు. ఆ కౌన్సెలర్ చెడ్డవాడని నేననను. పిల్లవాడు చెప్పిన మాట ఎవరిది, ఎప్పుడు బయటపెట్టాలి, ఎప్పుడు పెట్టకూడదు అన్నది ఆయనకు ఎవరూ నేర్పలేదు.

ఢిల్లీలోనో హైదరాబాద్‌లోనో రాసే ప్రమాణంలో మన సంగతులు వాటంతటవే చేరవు. మచ్చుకు భాష. పుస్తకంలో ‘కుంగుబాటు’, ‘ఆందోళన’ అని ఉంటుంది. మా దగ్గరికొచ్చిన ఏ తల్లీ ఆ మాటలు అనలేదు. “బిడ్డ రంది పెట్టుకున్నడు సార్” అంటుంది. “రాత్రయితే బుగులైతది, కాళ్లుచేతులు గుంజుతయి” అంటుంది. రంది అంటే ఏమిటో తెలియకుండా తయారైన ప్రశ్నపత్రంతో ఇక్కడ ఏం కొలుస్తారు?

ఇంకొకటి, గుట్టు. మహానగరంలో కౌన్సెలర్ గదిలోంచి బయటికొస్తే ఎవరూ గుర్తుపట్టరు. కోదాడలో మెట్లు దిగేసరికి ఆటో డ్రైవరు మేనమామ అవుతాడు. వచ్చిన మనిషి కౌన్సెలర్‌కు చుట్టమో, ఇంటి ఓనరు కూతురో అయితే ఏం చేయాలి? కులాంతర ప్రేమ సంగతి చెప్పుకున్న అమ్మాయి మాట ఒక్క చెవి దాటితే ప్రాణాల మీదికొస్తుందని 2018 నాటి పరువు హత్య తర్వాత మిర్యాలగూడకు ఎవరూ విడమరచి చెప్పనక్కరలేదు. ఇలాంటివి నియమంగా రాయగలిగేది వీటిలో నలిగినవాళ్లే.

“మాకేం వస్తుంది? జీతమా, భత్యమా?” అని నా పాత సహోద్యోగులు అడుగుతున్నారు. న్యాయమైన ప్రశ్నే. దూరవిద్యలో సైకాలజీ కోర్సులు 2025–26 నుంచి ఆపేయాలని యూజీసీ ఇప్పటికే చెప్పింది, కారణంగా చూపింది ఈ 2021 చట్టాన్నే. ఉద్యోగం చేసుకుంటూ దూరవిద్యలో చదవడమే మన ఊళ్ల వాళ్లకు అప్పటిదాకా ఉన్న దారి. ఇరవై ఏళ్ల అనుభవం ఉండి రెగ్యులర్ డిగ్రీ లేనివాళ్లను ఎలా పరీక్షించి లోపలికి తీసుకోవాలో ఇప్పుడు మనం చెప్పకపోతే తలుపు మూసుకున్నాక తట్టడమే మిగులుతుంది. మనం కూర్చోని కుర్చీ ఖాళీగా కూడా ఉండదు. సర్టిఫికెట్లు అమ్ముకునే అకాడమీల వాళ్లు వచ్చి కూర్చుంటారు.

“అంత గొప్ప నిపుణులమా మేము?” అని ఇంకో సందేహం. అమెరికాలో కౌన్సెలర్లకు లైసెన్సు చట్టం 1976లో వర్జీనియాలో మొదలైతే, చివరి రాష్ట్రం కాలిఫోర్నియా చేరేసరికి 2009 వచ్చింది. ముప్పై మూడేళ్లు పట్టిన పని అది. మనం ఇప్పుడు మొదలుపెట్టినా ఆలస్యమే, నిపుణులు పుట్టుకొచ్చేదాకా ఆగుదామంటే కుదరదు.

అందుకే మూడు మనవులు. సుప్రీంకోర్టు చెప్పిన జిల్లా పర్యవేక్షణ కమిటీల్లో పనిలో ఉన్న కౌన్సెలర్‌కు ఒక్క కుర్చీ అయినా ఇవ్వాలని సూర్యాపేట, నల్లగొండ కలెక్టర్లను కోరుతున్నాను. ముసాయిదా నియమాలు ఏవి వచ్చినా తెలుగులో కూడా పెట్టి, అభిప్రాయాలు తెలుగులోనే తీసుకోవాలని రాష్ట్ర ప్రభుత్వాన్ని కోరుతున్నాను. ఇక తోటి కౌన్సెలర్లకు, సైకాలజీ లెక్చరర్లకు, సోషల్ వర్కర్లకు చెప్పేది ఇదే. నెలకో ఆదివారం మూడు ఊళ్లలో ఏదో ఒకచోట కూర్చుందాం. మనం చేసిన తప్పులు, నేర్చుకున్న జాగ్రత్తలు రాసి కమిషన్‌కు పంపుదాం. ఖర్చు బస్సు చార్జీ, ఒక నోటుబుక్కు. మొదటి పేజీలో నా తప్పులే రాస్తాను.

ఇట్లు,
ఒక రిటైర్డ్ కౌన్సెలర్,
కోదాడ, సూర్యాపేట జిల్లా.