కాంతి విద్య మన పిల్లలకు అందనిదా?

లేసర్ శాస్త్రంలో ఉన్నత విద్య అనగానే, అది మహానగరాల వారికి, కలిగినవారికి మాత్రమే తగిన చదువని మన విద్యార్థులలో పలువురు తలపోస్తారు. బి.యస్సీ.లో భౌతికశాస్త్రం శ్రద్ధగా చదివినవారు సైతం పట్టా చేతికి రాగానే ఆ దారి విడిచిపోతున్నారు. నేను తెలుగు అధ్యాపకుడను, శాస్త్రజ్ఞుడను కాను. అయినా ఒక విద్య ఎవరికి అందుతున్నది, ఎవరికి అందకపోతున్నది అనే ప్రశ్న అధ్యాపకులందరిదీ.

కాంతిశాస్త్ర చరిత్రను పరికించండి. బస్రాలో జన్మించిన ఇబ్నుల్ హైసమ్ పదకొండవ శతాబ్దిలో కైరోలో నివసిస్తూ ‘కితాబుల్ మనాజిర్’ రచించాడు. కంటి నుండి కిరణాలు వెలువడి వస్తువును తాకుతాయన్న పూర్వుల వాదాన్ని త్రోసిపుచ్చి, వస్తువు నుండి వచ్చే కాంతియే కంటిని చేరుతుందని సప్రమాణంగా వాదించాడు. ఆయనకు ఆధారమైనవి చీకటి గది, సన్నని రంధ్రం, ప్రయోగం మీద నమ్మకం. 1917లో ఐన్‌స్టీన్ ఉత్తేజిత ఉద్గార భావనను ప్రతిపాదించగా, 1960 మే 16న అమెరికాలో మైమన్ వేలి కొనంత కెంపు కడ్డీతో, బజారులో దొరికే మెరుపు దీపంతో తొలి లేసర్‌ను వెలిగించాడు. అదే ఏడు డిసెంబరులో, ఇరాన్‌లో పుట్టిన అలీ జవాన్ సహచరులతో కలిసి హీలియం-నియాన్ లేసర్‌ను సాధించాడు. 1964లో కార్బన్ డయాక్సైడ్ లేసర్‌ను నిర్మించిన కుమార్ పటేల్ బారామతిలో పుట్టి, పూనాలో ఇంజనీరింగు చదివినవాడు. డోనా స్ట్రిక్‌లాండ్‌కు 2018లో నోబెల్ బహుమతి తెచ్చిన కృషి ఆమె పరిశోధక విద్యార్థినిగా ఉన్ననాటిది. వీరిని ముందుకు నడిపినది సంపద కాదు, సాధన.

స్నాతకోత్తర స్థాయిలో మాక్స్‌వెల్ సమీకరణాలు, క్వాంటం సిద్ధాంతం, వర్ణపటశాస్త్రం నేర్వవలసి ఉంటుంది. అయితే గ్రంథపఠనం ఒక్కటే చాలదు. రెండు దర్పణాలను ఎదురెదురుగా నిలిపి, మరను వెంట్రుకవాసి త్రిప్పుతూ, వాటి మధ్య కాంతి కుదిరేదాకా గంటల తరబడి ఓపిక పట్టాలి. పని మొదలుపెట్టే ముందు ఉంగరం, గడియారం తీసివేయాలి. వాటిపై పడి మరలిన కిరణం కంటిని చెరచగలదు. పరారుణ లేసర్ కానరాదు గనుక మరింత ప్రమాదకరం. చక్కెర వ్యాధి వల్ల దెబ్బతిన్న కంటికి చేసే చికిత్స, గాజు తంతువులలో ఖండాలు దాటే మాట ఇట్టి క్రమశిక్షణకు ఫలాలే.

ఈ విద్య మనకు దూరాన లేదు. హైదరాబాదు విశ్వవిద్యాలయంలో లేసర్ పరిశోధన సాగుతున్నది. కొచ్చిన్ శాస్త్ర సాంకేతిక విశ్వవిద్యాలయంలో ఫోటానిక్స్‌కు ప్రత్యేక విభాగమే ఉన్నది. కాని ఐ.ఐ.టి.లలో యం.యస్సీ. ప్రవేశానికి జరిగే ‘జామ్’ పరీక్ష ఆంగ్లంలోనే ఉంటుంది. ఉర్దూలోనో తెలుగులోనో చదివిన మన పిల్లలు అక్కడ తడబడితే అది తెలివి లేక కాదు, పరిభాష తెలియక. మాతృభాషలో భావం, ఆంగ్లంలో పరిభాష రెండూ వారికి సమకూర్చాలి.

కమిటీ పెద్దలకు నా విన్నపాలు మూడు. మన ప్రయోగశాలకు ఒక చిన్న హీలియం-నియాన్ లేసర్‌ను, దానికి తగిన బల్లను సమకూర్చండి. వారానికొక గంట ఉర్దూ, తెలుగు, ఆంగ్ల పరిభాషలను కలిపి బోధించే ఏర్పాటు చేయండి. ప్రవేశ పరీక్షల రుసుమును, ప్రయాణపు ఖర్చును భరించండి. ఆడపిల్లల విషయంలో తల్లిదండ్రులకు నచ్చజెప్పే బాధ్యత మేము, మీరు కలిసి వహించుదాం.

విద్యార్థులారా! గణితాన్ని విడువకండి, ప్రయోగాన్ని మార్కుల కోసం మాత్రమే చేయకండి. ఈ ఏడు మీలో ఒక్కరు దరఖాస్తు పంపినా, వచ్చే ఏటి విద్యార్థులకు అడగడానికి మనవాడొకడు ఉంటాడు.