చేవ్రాళ్ల వాయునౌక

అమెరికాలో 1896-97 సంవత్సరములందు కానవచ్చెనని చెప్పబడు వాయునౌకల ప్రసంగము వచ్చినపుడెల్ల, చదువుకొన్నవారే "అంతమంది పెద్దమనుష్యులు అబద్ధమాడుదురా?" అని మనలను నిలదీయుచున్నారు. ఆ ప్రశ్నయందే దోషమున్నది.

1896 నవంబరు 17వ తేది రాత్రి కాలిఫోర్నియాలోని శాక్రమెంటో నగరముపై దీపమొకటి కదలిపోవుట చూచితిమని జనులు చెప్పిరి. కొలదిదినములకే శాన్ ఫ్రాన్సిస్కో న్యాయవాది యొకడు ఆ నౌకానిర్మాత తన కక్షిదారుడని చాటెను. ఆ కక్షిదారుడును రాలేదు, నౌకయు రాలేదు. ఆ శీతకాలమంతయు సాయంసమయమున పడమట శుక్రుడు వెలుగుచునే యుండెను. దీపము చూచితిమన్న వారందఱును బొంకిరని నేననను. దీపమును చూచుట వేఱు, దానికి ఱెక్కలును చుక్కానియు తగిలించుట వేఱు. ఈ రెండవపని పత్రికలవారు చేసిరి.

1897లో కథ మధ్యరాష్ట్రములకు ప్రాకెను. టెక్సాసులోని అరోరా గ్రామమున నౌక గాలిమరను ఢీకొని తుత్తునియలైనదనియు, అందలి సరంగు ఈ లోకమువాడు కాడనియు, వానికి మఱునాడు అంత్యక్రియలు జరుగుననియు డల్లాసు పత్రిక వ్రాసెను. అన్యలోకవాసిని పూడ్చివచ్చి గ్రామస్థులు మఱునాడు యథాప్రకారము పొలమునకు పోయిరి కాబోలు!

అన్నింటికంటె ఘనమైనది కాన్సాసు కథ. లెరాయ్ సమీపమున హామిల్టన్ అను పశుపోషకుడు, పూర్వము శాసనసభ్యుడు, మున్నూఱడుగుల నౌక తన దొడ్డిమీదికి దిగి పెయ్య మెడకు త్రాడువైచి ఎత్తుకొనిపోయెననియు, దాని తోలును తలయు కాళ్లును పొరుగు పొలమున దొరకెననియు ప్రకటించెను. ఇతడు సత్యసంధుడని ఊరిపెద్దలు చేవ్రాళ్లు చేసిరి. ఆ పత్రమును తరువాతి గ్రంథకర్తలు వేదవాక్యమువలె ఎత్తివ్రాసిరి. 1970వ దశకమున జెరోం క్లార్క్ విచారింపగా బయటపడినదేమి? ఆ ఊర బొంకులాడి వినోదించుటకే యొక సంఘముండెను. హామిల్టన్ అందు సభ్యుడు!

మన నైయాయికులు ఆప్తుని మాటను ప్రమాణముగా నంగీకరించిరి. నిజమే. కాని ఆప్తుడెవడు? వస్తువును స్వయముగా నెఱిగి, ఎఱిగినది ఎఱిగినట్లు చెప్పగోరువాడు. కాన్సాసు పెద్దలు హామిల్టనును ఎఱుగుదురు, నౌకను ఎఱుగరు. వారి చేవ్రాలు మనుష్యుని నడవడికి సాక్ష్యమేకాని ఆకాశమునకు కాదు. పలుకుబడి గలవాని మాటకు ఎదురాడుట అమర్యాదయని బాలురకు నూరిపోయు మన యిండ్లలో ఈ భేదమును ఎవరు బోధించుచున్నారు?

నిజమైన వాయునౌకలు చాటుగా తిరుగలేదు. 1852లో జిఫార్డు ఫ్రాన్సున మూడు గుఱ్ఱముల బలముగల ఆవిరియంత్రముతో ఎగిరెను. 1884లో రెనార్డు, క్రెబ్సులు ఎనిమిది కిలోమీటర్లు తిరిగి బయలుదేరినచోటికే వచ్చిరి. జెప్పెలిన్ మొదటి నౌక 1900 జూలై 2న ఎగిరి, మూడుమాఱులకే ధనముచాలక తుక్కుక్రింద అమ్ముడుపోయెను. 1897 నాటి నౌకను నమ్మువారు అటువంటి తుక్కులో ఒక్క మరమేకునైనను చూపుదురు గాక. హామిల్టను పత్రముపై ఎవరెవరు చేవ్రాలు చేసిరో మఱల చదివి వినిపింపనక్కఱలేదు.