కంపెన్సేటర్ ఏది కొనాలి అని కాదు, అసలెందుకు కొనాలి అని అడగండి



కొంచెం పెద్ద పోస్టు. ఓపిగ్గా చదవండి, ఆ తర్వాత తిట్టాలనిపిస్తే తిట్టండి.

మొన్నటి కార్యవర్గ సమావేశంలో ఒక ప్రతిపాదన వచ్చింది. మన పిల్లల్లో ఆరుగురు 10 మీటర్ల ఎయిర్ రైఫిల్ నేర్చుకుంటున్నారు కాబట్టి క్రీడా నిధి నుంచి తలా ఒక కంపెన్సేటర్ కొనిద్దాం అని. మంచి మనసుతో పెట్టిన ప్రతిపాదనే, అందులో అనుమానం లేదు. అప్పటినుంచి మన వాట్సాప్ గ్రూపులో ఒకటే చర్చ. ఏ కంపెనీది? రెండు రంధ్రాలదా, నాలుగు రంధ్రాలదా? నల్లదా, వెండి రంగుదా? ఒక్కరు కూడా అసలు కొనాలా అని అడగలేదు. నేను అడుగుతున్నాను. నా జవాబు కూడా నేనే చెప్పేస్తాను: ఒక్క రూపాయి కూడా ఇవ్వకూడదు.

తెలియనివాళ్ల కోసం రెండు ముక్కలు. తుపాకీ పేలినప్పుడు గుండు వెనకాలే వాయువు కూడా గొట్టం చివరినుంచి దూసుకొస్తుంది. ఆ చివర రంధ్రాలున్న ఒక గొట్టం బిగిస్తే వాయువు పైకో పక్కలకో మళ్లుతుంది. దానివల్ల మూతి పైకి లేవడం, భుజం మీద తన్నడం తగ్గుతాయి. దాన్నే కంపెన్సేటర్ అనీ, మజిల్ బ్రేక్ అనీ అంటారు. పెద్ద రైఫిళ్ల మీద అది నిజంగానే పనిచేస్తుంది. ఐపీఎస్సీ ఓపెన్ డివిజన్‌లో దానికి అనుమతి కూడా ఉంది. ఆ మాట నేను కాదనను.

మన పిల్లలు ఆడేది ఆ ఆట కాదు. అంతర్జాతీయ షూటింగ్ సమాఖ్య ఐఎస్‌ఎస్‌ఎఫ్ రైఫిల్ నిబంధనల్లో స్పష్టంగా ఉంది: రైఫిళ్ల మీద కంపెన్సేటర్లు, మజిల్ బ్రేకులు నిషిద్ధం. బ్యారెల్‌కి గానీ, దాని ముందు బిగించే పొడిగింపు గొట్టానికి గానీ ఎలాంటి రంధ్రాలూ ఉండకూడదు. రాష్ట్ర పోటీలు, సౌత్ జోన్, మావ్‌లంకర్, జాతీయ పోటీలు అని ఏ మెట్టు చూసుకున్నా ఐఎస్‌ఎస్‌ఎఫ్ విభాగాల్లో ఆడాలంటే ఆ పుస్తకమే ప్రమాణం. మూడు రోజులుగా మనం చర్చించుకుంటున్నది పిల్లల్ని ఏ కంపెనీ సరుకుతో అనర్హుల్ని చెయ్యాలనే!

మరి ఈ పొరపాటు ఎక్కడినుంచి వచ్చింది? నాకు తెలిసి రెండు దారుల్లో. మొదటిది పిస్టల్. 10 మీటర్ల ఎయిర్ పిస్టల్‌కి రంధ్రాలున్న బ్యారెల్ ఉండొచ్చని అదే పుస్తకం చెబుతుంది. హాంగ్‌ఝౌ ఆసియా క్రీడల్లో మన హైదరాబాద్ అమ్మాయి ఈషా సింగ్ పతకాలు గెలిచాక ఇంటింటా పిస్టల్ ఫొటోలు చూశాం. ఆ మూతి దగ్గర రంధ్రాలు చూసి, పిస్టల్‌కి ఉంటే రైఫిల్‌కి ఎందుకుండకూడదు అనుకున్నాం. రెండోది అంగట్లో దొరికే స్ప్రింగ్ ఎయిర్‌గన్. దాని మూతి దగ్గర లావుగా ఉండేదాన్ని మజిల్ బ్రేక్ అని పేరు పెట్టి అమ్ముతారు. చాలావాటికి అది బ్యారెల్ వంచేటప్పుడు పట్టుకోవడానికి పనికొచ్చే పిడి, అంతే. వాపు చూసి బలుపు అనుకున్నట్టుంది మన వ్యవహారం.

పోనీ, నిబంధన సంగతి కాసేపు పక్కన పెడదాం. లాభమైనా ఉందా? లెక్క చూడండి. పోటీ పెల్లెట్ బరువు సుమారు అర గ్రాము. వేగం సెకనుకు 170 మీటర్ల చిల్లర. రైఫిల్ బరువు 5 కిలోల దగ్గర, గరిష్ఠంగా 5.5 కిలోలు. గుండు ముందుకు పోతే ఆ రైఫిల్ వెనక్కి కదిలేది సెకనుకు రెండు మూడు సెంటీమీటర్ల వేగంతో. .308 లాంటి పెద్ద రైఫిల్ తన్నుతో పోలిస్తే ఇది దాదాపు వందో వంతు. ఉన్నదే అంత అయితే దాంట్లో ఇంకేం తగ్గిస్తారు? పైగా పెల్లెట్ కొన్ని మిల్లీసెకన్లలో బ్యారెల్ దాటిపోతుంది. ఆ కాస్త సేపు పిల్లవాడు కదలకుండా ఉండాలి, ట్రిగ్గర్ నొక్కాక కూడా కన్ను సైటు మీదే నిలపాలి. అది ఏ గొట్టమూ నేర్పదు.

ఇది నేను పుస్తకం చదివి మాత్రమే చెప్పడం లేదు. నాలుగేళ్ల క్రితం మా అబ్బాయికి నేనే కొనిపెట్టాను. అమ్మినాయన "ఇది లేకుండా ఇప్పుడెవరూ ఆడటం లేదు సార్" అన్నాడు. నేను నమ్మాను. దాని మీదే ఫ్రంట్ సైట్ బిగించుకుని వాడు మూడు నెలలు సాధన చేశాడు. పోటీ రోజు పొద్దున ఎక్విప్‌మెంట్ కంట్రోల్‌లో ఉన్నాయన చూసి, మర్యాదగానే, "ఇది తీసేయండి సార్" అన్నారు. తీసేశాం. ఫ్రంట్ సైట్ వెనక్కి జరిగింది, మూతి బరువు తగ్గింది, జీరో మొత్తం పోయింది. పదిహేను నిమిషాల సైటింగ్‌లో ఎంతని సర్దుకుంటాడు? ఆ రోజు స్కోరు వాడు ఇంట్లో కొట్టేదానికి చాలా దూరం. తిరుగుదారిలో కారులో ఒక్క మాట మాట్లాడలేదు. తప్పు వాడిది కాదు, నిబంధనల పుస్తకం తెరవని నాది. ఒక రకంగా అదృష్టం కూడా. ఆట ముగిశాక జరిగే తనిఖీలో దొరికుంటే స్కోరే ఉండేది కాదు.

ఈ ఆటలో చిన్న తేడాలు లెక్కలోకి వస్తాయని, అందుకే ప్రతి పరికరమూ ముఖ్యమని కొందరు మిత్రులు వాదిస్తున్నారు. నిజమే. మన చెన్నైలో పుట్టి హైదరాబాద్‌లో పెరిగిన గగన్ నారంగ్ 2012 లండన్‌లో 701.1తో కాంస్యం గెలిచాడు. రజతం 701.5. తేడా 0.4! పది పాయింట్ల వలయం వ్యాసం అర మిల్లీమీటరు. అంత చిన్న తేడాల ఆట కాబట్టే డబ్బు ఎక్కడ పెడితే ఆ పాయింట్లు వస్తాయో చూడాలంటున్నాను.

నా ప్రతిపాదన ఇది.

ఒకటి, పెల్లెట్లు. ఒకే కంపెనీ పెల్లెట్లలోనే తల వ్యాసం 4.49, 4.50, 4.51 మిల్లీమీటర్లని వేర్వేరు డబ్బాలొస్తాయి. ఏ బ్యారెల్‌కి ఏది నప్పుతుందో రైఫిల్‌ని బిగించి పరీక్షిస్తే గానీ తెలియదు. ఆరుగురికీ ఆ పరీక్ష చేయించి, నప్పినవి కలిపి కొందాం.

రెండు, జాకెట్, ప్యాంటు. ఎదిగే పిల్లలు. నిరుడు కొన్నది ఈ ఏడు పట్టదు. సంఘం తరఫున నాలుగు సైజులు కొని ఉంచితే ఒకరి తర్వాత ఒకరు వాడుకుంటారు.

మూడు, కోచ్. వేళచ్చేరి దాకానో ఊరి బయటి రేంజికో వెళ్లిరావడానికే కొందరు తల్లిదండ్రులకు సగం రోజు పోతోంది. ఆదివారాల్లో ఒక కోచ్‌ని మన హాలుకే పిలిపిద్దాం. గుండు లేకుండా చేసే డ్రై ఫైరింగ్‌కి రేంజి అక్కర్లేదు, ఒక గోడ చాలు.

మూతి దగ్గర బరువు ఉంటే నిలకడగా ఉంటుందని మన డాక్టరుగారు అన్నారు. ఆ మాట సబబే. దానికి బ్యారెల్ బరువులున్నాయి, రంధ్రాల్లేని పొడిగింపు గొట్టాలున్నాయి. కొలతలకు లోబడితే రెండూ చెల్లుతాయి. కోచ్ అడిగితే అవి కొందాం. రైఫిల్ మొత్తం 5.5 కిలోలు దాటకుండా చూసుకోవాలి, అంతే.

ఈ నిధి ఎవరిదో ఒకసారి గుర్తు చేసుకోండి. ఉగాదికి తలా ఇంత అని వేసుకున్న చందా. అందులో పింఛను డబ్బులతో ఇచ్చిన పెద్దవాళ్లున్నారు. వాళ్లకి లెక్క చెప్పేటప్పుడు "నిషేధించిన వస్తువు ఆరు కొన్నాం" అని రాయగలమా?

వచ్చే ఆదివారం సర్వసభ్య సమావేశంలో ఈ అంశం ఓటుకి వస్తుంది. రైఫిల్ నిబంధనల తాజా ప్రతి ప్రింటు తీసి నేను తెస్తాను. కంపెన్సేటర్ కావాలన్నవాళ్లు దానికి అనుమతిచ్చే వాక్యం అందులో చూపించండి. చూపిస్తే ఆరూ నా సొంత డబ్బుతో కొనిస్తాను. చూపించలేకపోతే పైన చెప్పిన మూడింటికీ చెయ్యెత్తండి.

పిల్లల్ని కూడా తీసుకురండి. వాళ్ల ఆట గురించి మాట్లాడుతున్నాం కదా, వాళ్లనీ ఒక మాట అడుగుదాం.