ముందు పేరు చెప్పండి డాక్టరుగారూ

‘జనానికి అవగాహన లేదండీ.’ టెలిమెడిసిన్ ప్రస్తావన వచ్చినప్పుడల్లా ఎవరో ఒకరు ఈ మాట అని చేతులు దులుపుకుంటారు. ఈ వారం మళ్లీ విన్నాను, అదీ బాగా చదువుకున్నవాళ్ల నోట. విలేజ్ క్లినిక్‌లో తెర మీద ఎంబీబీఎస్ డాక్టరు ఉచితంగా దొరుకుతుంటే, మన పల్లెల వాళ్లు ఇంకా ఆర్‌ఎంపీ గుమ్మం ఎందుకు ఎక్కుతున్నారన్నది వాళ్ల బాధ. ఎవరిని నమ్మాలో పల్లెల వాళ్లకు తెలుసు. తెలియనిది మనకే.

ఆర్‌ఎంపీని నేను వెనకేసుకు రావడం లేదు. జ్వరమనగానే యాంటీబయాటిక్, నీరసమనగానే సెలైన్, కీళ్లనొప్పికి స్టెరాయిడ్ సూది. వీటివల్ల ఎంత చేటు జరుగుతోందో ఏ డాక్టరును అడిగినా చెబుతారు. అయినా అర్ధరాత్రి కబురు పెడితే బండి వేసుకుని వచ్చేది ఆయనే. డబ్బు లేదంటే చెరకు బిల్లు వచ్చాక ఇమ్మనేదీ ఆయనే. ముసలమ్మకు షుగరుందని, కోడలికి నెలలు నిండాయని అడక్కుండానే తెలుసు. అనకాపల్లి మార్కెట్‌కు బెల్లం తెచ్చే రైతు తన దిమ్మెలను ఏ వర్తకుడి దగ్గర దింపుతాడు? కూతురి పెళ్లికి చేబదులిచ్చి ఆదుకున్నవాడి దగ్గర. వైద్యంలోనూ అంతే. ఆ మనిషి నిన్నా ఉన్నాడు, రేపూ ఉంటాడు అన్న ధీమా ముందు, చదువెంత అన్న ప్రశ్న తర్వాత. ఈ సంగతి ఒప్పుకోకుండా ఎన్ని ట్యాబ్‌లు పంచినా లాభం లేదు.

లెక్కలు మాత్రం ఘనంగా ఉన్నాయి. కేంద్రం నడిపే టెలిమెడిసిన్ వేదిక ఈ-సంజీవని సేవలు 2023 ఫిబ్రవరికి దేశం మొత్తం మీద 10 కోట్లు దాటితే, అందులో 3 కోట్లకు పైగా మన ఆంధ్రప్రదేశ్‌వే. అయిదు కోట్ల జనాభాకు మూడు కోట్ల సంప్రదింపులు! సంతోషమే. కానీ ఆ మూడు కోట్లలో రోగి రెండోసారి అదే డాక్టరుతో మాట్లాడినవి ఎన్ని? వైద్యం మీద గురి కుదిరిందో లేదో చెప్పే లెక్క అదొక్కటే, ఏ సమీక్షలోనూ వినిపించనిది కూడా అదే.

కశింకోట వైపు ఒక క్లినిక్‌లో బీపీ మందుల కోసం వచ్చిన పెద్దావిడను చూశాను. కాల్ రెండు నిమిషాల్లో ముగిసింది. బిళ్లలు చేతిలో పెట్టిన నర్సమ్మను ఆవిడ అడిగింది: ‘నన్ను సూసిన బావు పేరేటమ్మా?’ నర్సమ్మకు తెలియదు. తెర అప్పటికే ఆరిపోయింది. మందు సరైనదే కావచ్చు. ఆవిడ మాత్రం ఆ బిళ్లలను అనుమానంగా చూసుకుంటూ వెళ్లింది. ఆ అనుమానం తప్పని నేను అనలేను.

పేరు చెప్పడం మర్యాద మాత్రమే కాదు, నిబంధన. 2020 మార్చి 25న కేంద్రం ఇచ్చిన టెలిమెడిసిన్ మార్గదర్శకాల ప్రకారం డాక్టరు మొదట తన పేరు, అర్హత చెప్పాకే సంప్రదింపు మొదలుపెట్టాలి. మందుల చీటీ మీద రిజిస్ట్రేషన్ నంబరు ఉండాలి. చేత్తో పట్టి చూస్తే తప్ప తేలని జబ్బయితే ఆస్పత్రికి రమ్మని చెప్పాలి. నా దృష్టిలో ఈ చివరిది అన్నిటికన్నా విలువైనది. ‘ఇది వీడియోలో తేలదమ్మా, ఎన్టీఆర్ ఆస్పత్రికి వెళ్లు, అక్కడ ఫలానా డాక్టరును కలువు’ అని చెప్పిన డాక్టరు మాట రోగి ఇంకోసారి తప్పకుండా వింటాడు.

తెలుగువాళ్లకు ఇది కొత్త విద్యేమీ కాదు. చిత్తూరు జిల్లా అరగొండ ఆస్పత్రిలో టెలిమెడిసిన్‌ను 2000 మార్చిలో క్లింటన్ హైదరాబాద్ వచ్చినప్పుడు ప్రారంభించారు. పాతికేళ్లు దాటింది. ఎల్వీ ప్రసాద్ కంటి ఆస్పత్రి వాళ్లు ఊళ్ల మధ్య విజన్ సెంటర్లు పెట్టి, స్థానిక యువతకే శిక్షణ ఇచ్చి కూర్చోబెట్టారు. దూరాన ఉన్న డాక్టరు మాటను మనకు తెలిసిన పిల్లో పిల్లాడో చెబుతారు. ఆ పద్ధతి నిలబడింది అందుకే.

2023 ఏప్రిల్‌లో మొదలైన ఫ్యామిలీ డాక్టర్ ఆలోచనలోనూ ఇదే తెలివి ఉంది. పీహెచ్‌సీకి ఇద్దరు డాక్టర్లు, ఒకరు 104 బండిలో నెలకు రెండుసార్లు ఊరికి రావడం. ఏ ప్రభుత్వం పెట్టిందన్నది నాకు పట్టదు. నేను అడిగేది ఒక్కటే. వీడియో కాల్ ముందు ఆ డాక్టరుకే వెళ్లాలి. ఒకసారి నాడి పట్టి చూసిన మనిషి తెర మీద కనిపిస్తే ఎవరికి సందేహం? ఈరోజు ఒకరు, రేపు ఇంకొకరు కూర్చునే టెలిమెడిసిన్ హబ్ ఆ తర్వాత సంగతి.

విలేజ్ క్లినిక్‌లో రోగి పక్కన కూర్చునే నర్సమ్మలను, అంటే కమ్యూనిటీ హెల్త్ ఆఫీసర్ల (సీహెచ్‌ఓల)ను మనం ఎలా చూస్తున్నాం? ఉద్యోగ భద్రత కోసం 2025లో వాళ్లు సమ్మెకు దిగాల్సి వచ్చింది. ఆ నర్సమ్మ లేకపోతే తెర వెలిగించేదెవరు? ఆవిడ రేపు ఉంటుందో లేదో తెలియని చోట గురి ఎక్కడినుంచి వస్తుంది?

ఇంతా చేస్తే, సిగ్నల్ ఉన్న ఊళ్ల గురించే మాట్లాడాను. రావికమతం, రోలుగుంట, దేవరాపల్లి మండలాల కొండ గూడేల్లో పురుటి నొప్పులు వస్తే ఇప్పటికీ డోలీయే గతి. 2022లో జిల్లాలు విడదీసినప్పుడు పాడేరు, అరకు అల్లూరి జిల్లాలోకి వెళ్లాయి. ఈ గూడేలు మన అనకాపల్లి జిల్లాలో, షెడ్యూల్డ్ ప్రాంతం కాకుండా, పాడేరు ఐటీడీఏకు బయట మిగిలిపోయాయి. రాజ్యాంగం అయిదో షెడ్యూల్‌లో చేర్చమని అక్కడి గిరిజనులు అర్జీలు ఇస్తూనే ఉన్నారు. డాక్టరు తెర మీద ‘వెంటనే తీసుకురండి’ అంటే ఏ దారిన తేవాలి? కలెక్టరేట్‌లో టెలిమెడిసిన్ సమీక్ష జరిగే రోజున కాల్స్ పట్టిక పక్కనే ఇంకో పట్టిక పెట్టాలి: ఆ నెలలో ఏ గూడెం నుంచి ఎన్ని డోలీలు దిగాయి, ఆ గూడేనికి మంజూరైన రోడ్డు ఎంతవరకు వచ్చింది అని. రోడ్ల ఇంజనీరును కూడా ఆ సమావేశానికి పిలవాలి.